గృహస్థ ధర్మములు: కొన్నాళ్ల విడిది



ఈ శీర్షిక క్రింద ఇంతవరకు వ్రతములను గూర్చియు, పెండ్లి ఖర్చులను గూర్చియు, పిల్లల చదువులను గూర్చియు వ్రాయుచు వచ్చితిని. ఈ మాసము ఒక చిన్న విషయము వ్రాయదలచితిని. చిన్నది అంటినే గాని, అది తమకు ఎదురైన వారికి చిన్నది కాదు. పని నిమిత్తము ఊరు మారుచున్న ఒక చిన్న కుటుంబము, సొంత ఏర్పాటు కుదురు వరకు, ఆ కొన్ని వారములో, ఆ కొన్ని నెలలో, ఎక్కడ తల దాచుకొనవలెను? ఏ విధముగా ఉండవలెను? ఎప్పుడు బయలుదేరవలెను? ఇదియే విషయము.

గత మాసములో ఒక శుక్రవారము సాయంకాలము హారతి ముగిసినది. ప్రసాదము పంచి, దీపము సవరించి, నేను తలుపులు మూయబోవుచుండగా ఒక యువకుడును, అతని భార్యయు, ఇద్దరు పిల్లలును గుడి ముంగిట నిలిచియుండిరి. నాలుగు సంచులు, ఒక బియ్యపు మూట, చాపలో చుట్టిన పరుపు వారి సామాను. వాన కురియుచుండెను. పెద్దపిల్లకు ఆరేండ్లుండును. చిన్నవాడు తల్లి భుజముపై నిద్రించుచుండెను.

వారు లంబాస వైపువారు. తెల్లవారకముందే బస్సెక్కి నంబౌవాలు రేవు చేరి, ఓడలో నాతోవికి దాటి, అచ్చటినుండి మరల బస్సులో సువాకు వచ్చిరి. ఆ యువకునికి వాలూ బే వైపు ఒక కార్ఖానాలో మెకానిక్కు పని దొరికినది. సోమవారము పనిలో చేరవలెను. ఇల్లు ముందుగానే కుదిరినదని తలచి బయలుదేరిరి. ఫోనులో చిత్రములు చూచి, ఎవరో అడిగినంత బయానా ఫోను ద్వారానే పంపిరి. చెప్పిన చిరునామాకు పోయి తలుపు తట్టగా, ఆ ఇంట మరియొక కుటుంబము ఎన్నో ఏండ్లుగా కాపురమున్నది. అద్దె సంగతి వారికి తెలియదు. బయానా తీసుకొన్నవాని ఫోను ఇక పలుకలేదు.

ఆ దంపతులు మాట్లాడినది సగము మన దీవుల హిందీ, సగము తెలుగు. నేనిక్కడ తెలుగులో వ్రాయుచున్నాను. "తాతయ్యా, ఈ ఒక్క రాత్రి వరండాలో పడుకోనిస్తే చాలు. రేపు ఏదో ఒకటి చూసుకుంటాం" అని అతడనెను. ఆ ఇల్లాలు ఏమియు పలుకలేదు. పెద్దపిల్ల మాత్రము గుడిలోపలికి తొంగిచూచి, "ఇదేనా మన కొత్త ఇల్లు?" అని తల్లిని అడిగెను. ఆ ప్రశ్నకు తల్లి తల త్రిప్పుకొనెను.

మన గుడి వెనుకనున్న గది, ఉత్సవముల యందు దీక్ష పట్టినవారు ఉండు గది, ఖాళీగా నుండెను. ఆ గది తెరచి ఇచ్చితిని. వారు అందులో 11 రాత్రులుండిరి. మరునాడు నేనాతనిని అడిగితిని: "ఇక్కడ మీ చుట్టాలెవరూ లేరా అబ్బాయీ?" అతడు తల వంచుకొని, "నకాసిలో మా చిన్నాన్న ఉన్నాడు తాతయ్యా. ముందు మాట చెప్పకుండా నలుగురం వెళ్ళి ఇంటిమీద పడితే బాగుండదు. ఒకసారి వెళ్తే ఎప్పుడు బయటపడతామో తెలియదు" అనెను.

ఈ చివరి మాట నా మనస్సులో నాటుకొన్నది. ఏలయనగా నేను ఒకప్పుడు చేసిన తప్పు సరిగా ఇదియే.

1984వ సంవత్సరములో నేనును లంబాస వైపునుండియే వచ్చితిని. చెఱకు కోత కాలము ముగిసినది, చేతిలో పని లేదు. నౌసోరి దగ్గర ఒక కర్మాగారములో పని ఉన్నదని విని, భార్యను, ఏడాది బిడ్డను వెంటబెట్టుకొని మా అక్కగారింటికి వచ్చితిని. "రెండు వారాలక్కా, అంతే" అంటిని. ఆ రెండు వారములు నాలుగు నెలలయ్యెను. వారిది రెండు గదుల ఇల్లు. అందు వారు ఐదుగురు, మేము ముగ్గురము. నేను పనికి పోయి సాయంకాలము వచ్చెడివాడను. కావున ఇంటిలోని ఇరుకు నాకు తెలియలేదు. వచ్చిన జీతములో కొంత బియ్యమునకును పప్పునకును ఇచ్చుచునే యుంటిని, కాని ఎంత ఇచ్చితినో, ఎంత ఇయ్యవలెనో ఎన్నడును మాటగా చెప్పుకొనలేదు. అక్క అడుగలేదు. బావగారు అడుగలేదు. అడుగలేదు గనుక అంతయు బాగుగానే యున్నదని నేననుకొంటిని.

ఒకనాడు పంపుదగ్గర నీళ్ల విషయమున మాట పెరిగినది. నీళ్లు కారణము కాదు, నాలుగు నెలలు పలుకని మాటలన్నియు ఆనాడు పలికినవి. ఆ సాయంకాలమే మూట కట్టుకొని వెడలితిమి. తరువాత ఆరేండ్లు ఆ గడప మేము త్రొక్కలేదు, మా గడప వారు త్రొక్కలేదు. ఆ ఆరేండ్లలో మా అక్క పెద్దకూతురు పెండ్లి జరిగినది. మేనమామ చేయవలసిన లాంఛనములు మరియొకరు చేసిరి. ఆ పెండ్లి మరల రాదు గదా!

పిమ్మట మా తల్లిగారి సంవత్సరీకమున అందరమును కలిసినపుడు అక్క నాతో ఇట్లనెను: "తమ్ముడూ, వెళ్ళమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వెళ్తానని నువ్వూ చెప్పలేదు." నా భార్య కూడ ఆనాటి రాత్రియే మొదటిసారి చెప్పినది: ఆ నాలుగు నెలలు ఆ ఇంట తాను ఆకలిగొన్నపుడు అన్నము పెట్టుకొనుటకు కూడ సంకోచించినదట. నాకది అంతవరకు తెలియదు. ప్రక్కనే యుండియు తెలిసికొనలేదు.

సోదరులారా, అతిథి అను మాటకు తిథి లేనివాడని పెద్దలు అర్థము చెప్పుదురు. ముందు దినము చెప్పక వచ్చువాడు అతిథి. అట్టివానిని ఆదరించుట గృహస్థునకు ధర్మమే. కాని నా జీవితము నాకు నేర్పినది మరియొకటి కలదు. రాకకు తిథి లేకున్నను, పోకకు తిథి ఉండవలెను. పోవు దినము చెప్పని విడిది రెండిటిలో ఒకటి యగును: కలహమైన యగును, లేక శాశ్వతమైన యగును.

శాశ్వతమగుట యెట్లని మీరడుగవచ్చును. మన వంశముల కథయే అందుకు సాక్ష్యము. 1879 మే 14న లియోనిడాస్ అను ఓడ మొదటి గిర్మిటియాలతో లెవూకా చేరినపుడు, ఓడలో మసూచియు కలరాయు ఉండుటచేత వారిని ఊరిలోనికి రానీయక, దాపునున్న యానుదా లైలై అను చిన్న దీవిలో నిలిపిరి. ఈ నేలపై మనవారి మొదటి కాపురము ఆ విడిదియే. తరువాతి ఓడలవారికి సువాకు సమీపముననున్న నుకులౌ దీవి విడిదియయ్యెను. అచ్చట కొన్నాళ్లుంచి, పరీక్షించి, ఏ తోటకు ఎవరని పంచి పంపెడివారు. 1903 మొదలు మదరాసు రేవునుండియు ఓడలు వచ్చినవి. విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా, ఉత్తరార్కాటు జిల్లాల వారు అందులో వచ్చిరి. 1916లో చివరి ఓడ వచ్చుసరికి ఈ దీవులకు చేరినవారందరు సుమారు 60 వేలమంది.

తోటలలో వారికిచ్చిన ఇండ్లను లైన్లు అనిరి. ఒక్కొక్క గది సుమారు 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. ముగ్గురు ఒంటరివారికి ఒక గది, లేదా భార్యాభర్తలకును వారి బిడ్డలకును కలిపి ఒక గది. గదుల నడుమ అడ్డుగోడలు కప్పువరకు లేవు. ఒక గదిలో బిడ్డ దగ్గినచో వరుసలోని వారందరికి వినబడెడిది. ఒప్పందము ఐదేండ్లు. మరి ఐదేండ్లు ఇచ్చటనే గడపినచో ఇంటికి పోవుటకు ఓడ ప్రయాణము ఉచితము. ఐదేండ్లకని వచ్చినవారు, పదేండ్లకు పోయెదమనుకొన్నవారు, అనేకులు పోలేదు. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందములన్నియు రద్దయినవి. అప్పటికే పిల్లలు పుట్టిరి, చెఱకు నాటిరి, గుడి కట్టిరి. ఆ విడిదియే మనకు దేశమైనది. అందుకు నాకు చింత లేదు. కాని వారు ఎంచుకొని నిలిచినది కొంతయే, దినము నిర్ణయింపక జరుగుచు పోయినది ఎక్కువ.

ఇంకొక సంగతి మరువరాదు. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు జహాజీ భాయి అనుకొనిరి. కులము వేరైనను, భాష వేరైనను, ఒకరి ఇంట ఒకరికి చోటుండెడిది. ఒప్పందము ముగిసి లైన్లు విడిచినవానికి, భూమి కౌలుకు దొరకువరకు, జహాజీ ఇంటి చావడియే విడిది. చుట్టరికము లేనిచోట చుట్టరికము కల్పించుకొని మన పెద్దలు బ్రతికిరి.

మరి మన కాలమున జరిగినది చూడుడు. 1976 నాటి కౌలు చట్టము క్రిందనున్న చెఱకు కౌళ్లు 1997 నుండి ముగియజొచ్చినవి. కొన్ని తిరిగి వ్రాయబడినవి, అనేకములు కాలేదు. లంబాసనుండియు, బా, రాకిరాకి ప్రాంతములనుండియు ఎన్నో కుటుంబములు సువా నౌసోరి దారి పొడవున వచ్చి చేరినవి. "ఒకటి రెండేండ్లు ఇక్కడ గడిపి, పిమ్మట సొంత చోటు చూచుకొందము" అని రేకులతో ఇండ్లు వేసికొనిరి. ఆ రేకుల ఇండ్లలో పుట్టిన పిల్లలు నేడు ఉద్యోగములు చేయుచున్నారు. నేలపై హక్కు మాత్రము చాలమందికి లేదు. మిల్లులు మూతపడుటయు మనకు క్రొత్త కాదు. నౌసోరి చక్కెర మిల్లు 1959లో ఆగినది. రాకిరాకిలోని పెనాంగు మిల్లు 2016 ఫిబ్రవరి 20 నాటి విన్‌స్టన్ తుపానులో దెబ్బతిని మరల తెరువబడలేదు. మిల్లు ఆగినపుడు మనిషి కదలక తప్పదు. కావున పనికొఱకు ఊరు మారుట సిగ్గుపడవలసిన విషయము కాదు. మార్పునకు ముందు ఆలోచింపకుండుటయే లోపము.

ఇప్పుడు నాకు తెలిసినంతవరకు కొన్ని మాటలు చెప్పెదను. నా చదువు ప్రాథమిక పాఠశాలతో ముగిసినది. ఇవి పుస్తకములనుండి తీసినవి కావు, గుడికి వచ్చువారి కష్టసుఖములు విని కూర్చుకొన్నవి.

మొదటిది, పని ఒప్పుకొనుటకు ముందే యజమానిని అడుగుడు. మొదటి నెల విడిది వారు చూపగలరా? ఓడ ఖర్చు ఇచ్చెదరా? మనవారు జీతమెంతయని అడుగుదురు గాని ఇది అడుగుటకు మొగమాటపడుదురు. అడిగినంతమాత్రమున పని పోదు. ఇచ్చెదమన్నచో ఆ మాట కాగితముపై వ్రాయించుకొనుడు. ఆ కాగితము ఇల్లు అద్దెకడుగునపుడు కూడ పనికివచ్చును. ఉద్యోగమున్నదని తెలిసినచో ఇంటివారికి నమ్మకము కలుగును.

రెండవది, వీలైనచో భర్త ముందుగా వచ్చి, రెండు మూడు వారములు ఒంటరిగా సర్దుకొని, చోటు చూచిన తరువాత భార్యాబిడ్డలను పిలిపించుకొనుట మేలు. ఒక్కడు ఎక్కడనైనను పండుకొనగలడు. నలుగురు పండుకొనలేరు. బడి పిల్లలున్నచో చదువు నడుమ కదల్పక, మన బడులకు ఏటికి మూడు సత్రములు గదా, ఒక సత్రము ముగిసిన సెలవులలో కదల్పుడు. అయితే ఈ ఎడబాటునకు కూడ దినము నిర్ణయింపుడు. "చూతములే" యని పోయినవాడు ఏడాది ఒంటరిగా నుండి, ఫోనులో మాత్రమే తండ్రియైన సందర్భములు నేనెరుగుదును.

మూడవది, బంధువుల ఇంట దిగువారికి. బయలుదేరక పూర్వమే నాలుగు మాటలు నోటితో చెప్పుడు: ఎందరము వచ్చుచున్నాము, ఏ దినము వచ్చెదము, ఏ దినము పోయెదము, ఎంత ఇచ్చెదము. ఆ ఇచ్చునది కరెంటునకును, నీటికిని, గ్యాసునకును, వంట సరుకులకును అని చెప్పి, వారము వారము ఆ ఇంటి ఇల్లాలి చేతికి ఇండు. వారు వలదన్నను ఇండు. పుచ్చుకొననిచో ఆ సొమ్ముతో బియ్యపు బస్తా తెచ్చి దింపుడు. ఉదయము స్నానముల వేళ ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది మొదటినాడే అనుకొనుడు. మీ పిల్లల బట్టలు మీరే ఉతుకుకొనుడు. మగవారికి మరియొక మాట. అతిథిగా నున్న ఇంట రాత్రి పొద్దుపోవువరకు స్నేహితులను చేర్చి యంగోనా గిన్నె ముందు కూర్చుండకుడు. ఆ ఇంటివారు ఉదయమే పనికి పోవలసినవారు. నిర్ణయించిన దినము వచ్చుసరికి ఇల్లు దొరకనిచో, ఒక వారము ముందే కూర్చుండి, "ఇంకొక రెండు వారములు కావలెను, ఫలానా దినమున తప్పక పోయెదము" అని అడుగుడు. అడుగుటచేత చుట్టరికము తగ్గదు. అడుగకుండుటచేత తగ్గును. నా సాక్ష్యము మీరు వినియే యున్నారు.

నాలుగవది, అద్దె ఇల్లు చూచువారికి. కంటితో చూడని ఇంటికి కాసు ఇయ్యకుడు. మీరు రాలేనిచో మీకు తెలిసినవారిని పంపి చూపింపుడు. ఇంటిలో నిలిచి, ఇంటివానితో మాట్లాడి, నిజముగా ఆతనిదేనా యని ప్రక్కవారినడిగి తెలిసికొన్న పిమ్మటనే బయానా. ఎంత చౌకయైనను, "ఇంకొకరు అడుగుచున్నారు, నేడే పంపుము" అని తొందరపెట్టువానిని నమ్మకుడు.

లంబాస వైపునుండి వచ్చువారు మరియొకటి తెలిసికొనవలెను. సువాలో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురియును. కొండవాలున కట్టిన ఇంటి క్రిందిభాగమున అద్దెకిచ్చు ఫ్లాట్లు అనేకము. అవి కొంతకాలపు కాపురమునకు అనువైనవే. కాని లోపలికి పోగానే ముక్కుతో చూడుడు. చెమ్మ వాసన వచ్చినచో, గోడమూలల నల్లని బూజు కనబడినచో, ఉబ్బసమున్న పిల్లలకు అది తగదు. నీళ్లు ఆగిన దినమున వాడుకొనుటకు ట్యాంకు కలదా? కరెంటు మీటరు వేరా, పై ఇంటివారితో కలిసినదా? వంటిల్లు, స్నానపు గది మనకే వేరుగా నున్నవా? మాంసము వండని నియమము గలవారు కలిసిన వంటిల్లు ఒప్పుకొనుటకు ముందు ఆలోచింపవలెను. నవంబరునుండి ఏప్రిలు వరకు తుపానుల కాలము. కిటికీలకు తలుపులున్నవా, దాపున తలదాచుకొను బడియో హాలో ఏది యని కూడ అడుగుడు. నౌసోరి వైపున అద్దె తక్కువని సంతోషింపక, ఒకనాడు ఉదయము ఏడు గంటల వేళ బస్సులో కూర్చుండి పని స్థలమునకు పోయి చూడుడు. ఆ దారిలో బండ్ల రద్దీ ఎంతయో అపుడు తెలియును. బస్సు ఖర్చును, పోయిన గంటలను కలిపి లెక్కించినచో చౌక ఇల్లు చౌక కాకపోవచ్చును.

ఐదవది, కాగితము. కొన్నాళ్లకే గదా యని కాగితము వ్రాసికొననివారే ఎక్కువ. కొన్నాళ్లకైనపుడే కాగితము మరింత అవసరము. క్రొత్తగా వచ్చినవారు ఏడాదికి కట్టుబడక, మూడు నెలలకు వ్రాసికొని, ఇరుపక్షములకు ఇష్టమైనచో పొడిగింపవచ్చునని అందులో చేర్చుట మంచిది. ఇరువురి పేర్లు, ఇంటి చిరునామా, మొదటి దినము, చివరి దినము, అద్దె ఎంత, బాండు ఎంత, నీళ్లు కరెంటు ఎవరు కట్టవలెను, ఖాళీ చేయుటకు ఎన్ని దినముల ముందు చెప్పవలెను: ఇవి అందుండవలెను. ఇచ్చిన ప్రతి డాలరుకు రసీదు అడుగుడు. ప్రవేశించిన దినముననే పగిలిన అద్దమో, కారుచున్న కొళాయియో ఉన్నచో ఫోనుతో చిత్రములు తీసి, ఇంటివారికి చూపి ఉంచుకొనుడు. వెళ్లునాడు బాండు తిరిగి ఇయ్యలేదని వచ్చు తగవులలో ఆ చిత్రములే సాక్షులు. అట్టి తగవులను విని తీర్చుటకు సహాయపడు వినియోగదారుల మండలి మన దేశమున కలదు. అది 1976 నాటి చట్టముచేత ఏర్పడినది. అచ్చటికి పోయినను మొదట అడుగునది రసీదే.

ఆరవది, ఆ కొన్నాళ్లును కాపురమే యని మరువకుడు. అన్ని మూటలు విప్పనక్కరలేదు. పుట్టుక పత్రములు, పెండ్లి పత్రము, పిల్లల టీకాల కార్డులు, బడి పత్రములు ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడున్నదో భార్యాభర్తలిద్దరును ఎరిగియుండవలెను. మిగిలిన సామాను కట్టియే యుంచినను, ఒక మూల దేవుని పటము పెట్టి దీపము వెలిగింపుడు. పిల్లలకు ఒక మూల ఇది మీది యని చూపుడు. పుస్తకములు, బొమ్మలు అచ్చట పెట్టుకొందురు. చోటు చిన్నదైనను తమదని తెలిసినచో పిల్లలు నెమ్మదింతురు. భర్తలకు ఒక మాట. పగలంతయు ఆ పరాయి వంటింట నిలుచునది మీరు కాదు. సాయంకాలము ఇంటికి వచ్చినపుడు, "ఈ రోజు ఎట్లు గడిచినది?" అని భార్యను వేరుగా పిలిచి అడుగుడు. నేను అడుగలేదు. అడిగియుండినచో నాలుగు నెలలు కాక నాలుగు వారములకే బయలుదేరియుందును.

ఇంక చోటిచ్చువారి ధర్మము. మన పొరుగువారగు ఇతౌకేయిలలో కెరెకెరె అను ఆచారము కలదు. బంధువు వచ్చి అడిగినపుడు లేదనుట వారిలో కష్టము. మనలోను అట్టి మొగమాటము కలదు. కాని లోపల విసుగుకొని పైకి నవ్వుటకంటె, మొదటినాడే "ఆరు వారములు ఉండండి, అంతకుమించి మాకు వీలు కాదు" అని చెప్పుట దయగల పని. చెప్పినవారు కఠినులు కారు. ఆ ఆరు వారములు వచ్చినవారు తల యెత్తుకొని తిరుగుదురు. చెప్పనివారి ఇంట తల వంచుకొని తిరుగుదురు. అద్దెకిచ్చువారికి కూడ ఒక మనవి. దూరమునుండి వచ్చిన కుటుంబము నిస్సహాయమని ఎరిగి అద్దె పెంచుట, బాండు పట్టుకొనుట పాపము. లైన్లలో పుట్టినవారి మనుమలము మనము. గది దొరకనివాని బాధ మన రక్తములోనే యుండవలెను.

ఆ దంపతుల సంగతి చెప్పి ముగించెదను. మొదటి ఆదివారమే నేను అతనిని వెంటబెట్టుకొని నకాసిలోని చిన్నాన్నగారింటికి పోయితిని. నన్ను చూచి ఆయన, "పూజారిగారూ, వీడు వచ్చినట్టు నాకు చెప్పనేలేదు!" అని నొచ్చుకొనెను. అందరమును కూర్చుండి మాట్లాడుకొంటిమి. ఆయన కుమారుని గది ఖాళీ యగుటకు ఒక వారము పట్టును. పిమ్మట ఆరు వారములు వీరుండవచ్చును. వారమునకింత అని ఇంటి ఖర్చు చెప్పుకొనిరి. ఆ ఇంటి గోడనున్న క్యాలెండరుపై పోవు దినము చుట్టు చిన్నాన్నగారి భార్యయే పెన్నుతో సున్న చుట్టినది. చుట్టి నవ్వుచు, "ఇది కోపంతో కాదు నాయనా. మళ్ళీ మీరు పండగకి రావాలి కదా, అందుకు" అనెను. ఈ మాట నా అక్కకును నాకును 1984లో తోచియుండినచో ఎంత బాగుండెడిది!

ఆ యువకుడు పనిలో చేరినాడు. పోలీసులకు ఫిర్యాదు వ్రాసి ఇచ్చినాడు గాని పోయిన బయానా రాలేదు. నాలుగవ వారమున నాసినూలో ఒక క్రింది ఫ్లాటు చూచి, దానికి ట్యాంకు ఉన్నదని, గోడలు పొడిగా నున్నవని, మూడు నెలల కాగితము వ్రాసికొన్నామని నాకు ఫోను చేసి చెప్పినాడు. సున్న చుట్టిన దినమునకు రెండు దినములు ముందే చిన్నాన్నగారింటినుండి కదలిరి. గత శుక్రవారము నలుగురును గుడికి వచ్చిరి. పెద్దపిల్ల గుడి వెనుక గదిని చూపి, తమ్మునితో, "మనం ముందు ఇక్కడ ఉన్నాం" అని చెప్పుచుండెను. ఆ మాటలో భయము లేదు.

మన సంఘ సభ్యులకు ఒక విన్నపము. మీ ఇంట ఒక గదియో, క్రింది ఫ్లాటో కొన్ని వారములకు ఇయ్యగలిగినచో, ఎందరికి, ఎన్ని దినములకు, ఎంతకు అన్నది ఒక కాగితముపై వ్రాసి సంఘ కార్యదర్శిగారికి ఇండు. మరియొక శుక్రవారము వానలో ఎవరైన వచ్చి నిలిచినపుడు మనకు వెదుకులాట ఉండదు. గుడి గది ఎల్లప్పుడు తెరువబడును. కాని గుడి గదికంటె ఒక ఇంటి గది, అందులో వంట పొగ, ప్రక్కన ఒక ముసలమ్మ మాట, చిన్న పిల్లలకు మేలైనవి.

ఊరు మారుచున్న కుటుంబములన్నిటికి ఆ శ్రీమన్నారాయణుడు మంచి నీడ చూపుగాక. వచ్చే మాసము మరియొక విషయముతో కలిసికొందము.

శుభమ్.